ఆకాశహర్మ్యానికి అరుగు ఉందా?

గత నెల ఈ శీర్షికలో న్యూయార్క్‌లోని హడ్సన్ యార్డ్స్ గురించి ఒక పేజీ రాశాను. మన్‌హాటన్ పడమటి అంచున, రైళ్లు ఆగే యార్డు మీద కప్పు వేసి, ఆ కప్పు మీద టవర్లు, మాల్, మధ్యలో ఒక పెద్ద ఆవరణ కట్టిన చోటు అది. మొత్తం 28 ఎకరాల ప్లాను, తూర్పు సగాన్ని 2019 మార్చిలో జనానికి తెరిచారు. టవర్ ఎంత ఎత్తుందో తర్వాత చూద్దాం, ముందు దాని కాళ్ల దగ్గర మనిషి కూర్చోగలడో లేదో చూడండి అని అందులో ఒక మాట అన్నాను. ఎక్కువ ఉత్తరాలు ఆ మాట గురించే వచ్చాయి, కొన్ని అక్కడ ఉంటున్న మనవాళ్ల నుంచి, కొన్ని ఇక్కడ కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు నుంచి. ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి జెర్సీ సిటీలో ఉంటాడు. మూడు నెలలు ఉండి వచ్చాను. ఒకరోజు మన్‌హాటన్‌లో ఒక పెద్ద టవర్ ముందున్న ఖాళీ స్థలంలో, మోకాళ్లు లాగుతుంటే పూలమొక్కల గట్టు మీద కూర్చున్నాను. గార్డు వచ్చి లేవమన్నాడు. మా కోడలు అడిగితే ఇది ప్రైవేటు స్థలం అన్నాడట. పక్కన గోడ మీదేమో ప్రజలకు ప్రవేశం ఉందని బోర్డు! ఇంతకీ అది ఎవరిది? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, గార్డు చెప్పిందీ నిజమే, బోర్డు మీద రాసిందీ నిజమే. స్థలం ఆ భవనం వాళ్లదే, అక్కడికి వచ్చి కూర్చునే హక్కు మాత్రం మీది. ఈ రెండూ ఒకే చోట ఎలా కుదిరాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తెనాలిలో పాత పెంకుటిళ్లకి వీధి అరుగు ఉండేది కదా. స్థలం ఇంటివాళ్లది, అలికి ముగ్గేసేదీ వాళ్లే, అయినా ఎండన పడి వచ్చిన గాజులామె గంప దించుకుని కాసేపు కూర్చుంటే ఎవరికీ వింతగా ఉండేది కాదు. అందరినీ కూర్చోనిచ్చారని మాత్రం నేను అనను, అరుగు ఎవరికి, కింద నేల ఎవరికి అనే కులం లెక్క మన ఊళ్లలో గట్టిగానే నడిచింది. అందుకే స్థలం ఎవరిది అన్న ప్రశ్న కంటే, అక్కడ ఎవరిని కూర్చోనిస్తారు అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ పెద్దదిగా కనిపిస్తుంది. న్యూయార్క్ వాళ్లు ఆ అరుగుని తీసుకెళ్లి చట్టంలో రాసుకున్నారు.

1958లో పార్క్ అవెన్యూలో సీగ్రమ్ బిల్డింగ్ అని 38 అంతస్తుల టవర్ లేచింది, గీసింది మీస్ వాన్ డెర్ రోహె. అప్పటిదాకా అక్కడి టవర్లు చాలావరకు రోడ్డు అంచు నుంచే మొదలై, పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడేవి. వీధిలోకి కాస్త వెలుతురు పడాలని 1916లో పెట్టిన నిబంధన వల్ల వచ్చిన ఆకారం అది. మీస్ ఆ పద్ధతి వదిలేసి టవర్‌ని రోడ్డు నుంచి దాదాపు 90 అడుగులు వెనక్కి జరిపి, ముందంతా రాతి పలకలు పరిచి ఖాళీగా వదిలాడు. నగరం వాళ్లకి అది బాగా నచ్చింది. 1961లో కొత్త జోనింగ్ నిబంధనలు, అంటే ఏ ప్రాంతంలో ఏం, ఎంత కట్టొచ్చో చెప్పేవి, రాసేటప్పుడు, బాగా రద్దీ ప్రాంతాల్లో ఒక బేరం పెట్టారు: కింద జనం కోసం ఒక చదరపు అడుగు ఖాళీ వదిలితే, పైన పది చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చు. దానికీ ఒక పరిమితి ఉంది గాని బిల్డర్లకి అది మంచి గిట్టుబాటు, వరసబెట్టి వదిలారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఖాళీ వదలమని రాసుకున్నారు గాని ఆ ఖాళీలో ఏముండాలో సరిగా రాసుకోలేదు. కూర్చునే గట్ల మీద ఇనప మొనలు దిగాయి, కొన్నిచోట్ల నీడ లేదు, కొన్నిచోట్ల మెట్లెక్కితే గాని అక్కడ స్థలం ఉందని తెలియదు. 2000లో నగర ప్రణాళికా విభాగం వాళ్లు, మరికొందరు కలిసి లెక్కపెడితే 320 భవనాల దగ్గర ఇలాంటివి 503 తేలాయి, అందులో 41 శాతం జనానికి పెద్దగా పనికిరానివే. అంటే పైన అంతస్తులు వచ్చాయి, అద్దెలు వచ్చాయి, కింద ఇస్తామన్నది మాత్రం సగానికి కాస్త తక్కువగా మాటల్లోనే ఉండిపోయింది. నాకు ఇది చిన్న విషయంలా అనిపించదు, ఎందుకంటే ఆ స్థలానికి ధర ముందే చెల్లించారు, ఆకాశంలో చెల్లించారు.

మీరు కూర్చున్నది బోర్డు ఉన్న స్థలం కాబట్టి ఆ బేరంలో వచ్చిందే అయ్యుంటుంది. మళ్లీ వెళ్తే మీ కోడలిని ఆ బోర్డు ఫొటో తీసి, నగరం వాళ్ల 311 నంబరుకి ఫిర్యాదు చేయమనండి. వేళలు బోర్డు మీదే ఉంటాయి, ఆ వేళల్లో మామూలుగా కూర్చున్న మనిషిని లేపడానికి వీల్లేదు. మీ మోకాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నాయో రాయండి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. కింద రైళ్లు తిరుగుతుంటే పైన వెయ్యి అడుగుల టవర్ ఎలా నిలబెట్టారు? దాని మీద చెట్లు కూడా ఉన్నాయంటున్నారు, వేళ్లు ఎక్కడికి పోతాయి? (ఒక విద్యార్థి, హనుమకొండ)

జవాబు: నీ ప్రశ్న నాకు చాలా నచ్చింది బాబూ, రెండో భాగం ఇంకా నచ్చింది.

ఆ యార్డు లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్‌ది, 1980ల నుంచీ అక్కడ ఉంది. పొద్దున ఆఫీసు జనాన్ని దింపేసిన రైళ్లు సాయంత్రం దాకా అక్కడ ఆగి, మళ్లీ జనాన్ని ఎక్కించుకోవడానికి పోతాయి. తూర్పు సగంలోనే 30 పట్టాలున్నాయి. వాటిని ఆపే ప్రసక్తే లేదు, కాబట్టి పట్టాల మధ్య ఉన్న సందుల్లో, ఎక్కడ వీలైతే అక్కడ రాతి దాకా తొలిచి దాదాపు 300 కైసన్లు దించారు. కైసన్ అంటే లావుపాటి గొట్టంలాంటి పునాది స్తంభం అని నీకు తెలుసు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. వాటి మీద ఉక్కు దూలాలు, వాటి మీద కప్పు. టవర్ల బరువు మొత్తం ఆ కప్పు మీద పడుతుందని చాలామంది అనుకుంటారు గాని అలా కాదు, టవర్ల స్తంభాలు కప్పుని దాటుకుని కిందికి, రాతి దాకా దిగుతాయి. 30 హడ్సన్ యార్డ్స్ అనే టవర్ 387 మీటర్లు. దాని స్తంభాలు కూడా పట్టాలు ఎక్కడ ఒప్పుకుంటే అక్కడే దిగాలి, అందుకని లోపల కాళ్లు కొంత అడ్డదిడ్డంగా వాలుగా వస్తాయి.

ఇక చెట్లు. రైళ్ల ఇంజన్లు, ఏసీలు వదిలే వేడి వల్ల కప్పు కింద 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోగలదని లెక్కేశారు. మన మే నెల రోహిణి కార్తె ఎండ దాని ముందు ఏమూలకి! ఆ వేడికి పైనున్న మట్టిలో వేళ్లు ఉడికిపోతాయి. అందుకని కింద విమానం ఇంజన్ తరహా పెద్ద ఫ్యాన్లు పెట్టి వేడిగాలిని బయటికి తోస్తారు, మట్టి కింద కాంక్రీటులో గొట్టాలు పరిచి చల్లటి ద్రవం తిప్పుతారు, వాన నీళ్లు పట్టి తొట్టిలో దాచి మళ్లీ మొక్కలకే పోస్తారు. మొత్తం కప్పు మందం ఏడడుగులు, మట్టి, గొట్టాలు, తీగలు అన్నీ అందులోనే. మామూలు నేలలో చెట్టు వేరు తన దారి తను వెతుక్కుంటుంది, ఇక్కడ పక్కకి పాకాలి, కిందికి పోతే కాంక్రీటే. మన డాబా మీద తొట్టిలో వేసిన మామిడి మొక్కలాంటిది అనుకో, కాకపోతే తొట్టి కొన్ని ఎకరాలు.

ఇంజనీరింగ్ వరకు ఇది గొప్ప పనే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నువ్వు ఈ రంగంలోకి వస్తున్నావు కాబట్టి ఇంకొకటి కూడా చూడు. నేలని కొనలేదు, తయారు చేశారు, ఆ తయారీ ఖర్చు రాబట్టాలంటే పైన చాలా అంతస్తులు కట్టి చాలా అద్దెలు రావాలి. అక్కడ అంత ఎత్తు రావడానికి సోకు ఒక్కటే కారణం కాదు, ఆ కప్పు ఖర్చు కూడా ఒక కారణం. ఇంకో పక్క, అక్కడికి మనుషులు చేరుకోవడానికి 7వ నంబరు సబ్‌వే లైనుని పొడిగించారు, 2015 సెప్టెంబరులో తెరిచారు, ఖర్చు దాదాపు 240 కోట్ల డాలర్లు, పెట్టింది నగరం. భూమి కూడా ఎంటీఏ అనే ప్రభుత్వ రవాణా సంస్థది, 99 ఏళ్ల లీజుకి ఇచ్చారు. రైలు ప్రజల డబ్బు, భూమి ప్రజలది అయినప్పుడు, పైన ఆవరణ నియమాలు ఎవరు రాయాలి అని అడిగే హక్కు ప్రజలకి ఉంటుంది. స్ట్రక్చర్స్ పరీక్షలో ఈ ప్రశ్న రాదు గాని రేపు నువ్వు ఉద్యోగంలో చేరాక రోజూ వస్తుంది.

ప్రశ్న: హడ్సన్ యార్డ్స్‌లో ఉన్న వెసెల్ అనే కట్టడం మన మెట్ల బావి చూసి చేసిందేనట, నిజమేనా? మధ్యలో మూసేశారని విన్నాను. (ఒక పాఠకుడు, సికింద్రాబాద్)

జవాబు: నిజమే. గీసిన థామస్ హెథర్‌విక్ రాజస్థాన్ వైపు మెట్ల బావుల ప్రస్తావన తనే తెచ్చాడు. దాదాపు 46 మీటర్ల ఎత్తు, 154 వరుసల మెట్లు, మొత్తం 2,500 మెట్లు, మధ్యలో ఆగడానికి 80 చోట్లు. దూరం నుంచి చూస్తే రాగి రంగు తేనెపట్టులా ఉంటుంది.

మీది సికింద్రాబాద్ కాబట్టి మీకు బన్సీలాల్‌పేట మెట్ల బావి తెలిసే ఉంటుంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్నదాన్ని తవ్వి బాగు చేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఒక సాయంత్రం వెళ్లి ఆ మెట్ల మీద గంటసేపు కూర్చున్నాను. పైన వీధిలో ఆటోల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి, పది మెట్లు దిగేసరికి ఆ చప్పుడు ఎక్కడో దూరంగా పోయింది, ఇంకో పది దిగితే ఒంటికి చల్లదనం తగిలింది. నాకు రెండు మెట్ల కింద ఒకావిడ మనవడికి జంతికలు తినిపిస్తోంది, వాడు ఒక ముక్క నోట్లో, ఒక ముక్క నీళ్లలోకి, చేపలు ఉన్నాయేమో అని వంగి చూస్తున్నాడు. మెట్టు వెడల్పుగా ఉంది, కూర్చోవడానికి, కాళ్లు చాపుకోవడానికి, బిందె దించుకోవడానికి సరిపోయేంత.

మెట్ల బావి అంటే అదండీ. నీళ్లు ఏ లోతులో ఉంటే ఆ లోతుకి మనిషిని చేర్చడానికి కట్టింది. వానాకాలం నాలుగు మెట్లు దిగితే చాలు, ఎండాకాలం నలభై దిగాలి, ఆ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ నలుగురు కలుస్తారు, మాటలు కలుస్తాయి. వెసెల్ తీసుకున్నది ఆ మెట్ల ఆకారం మాత్రమే. అందులో నీళ్లు లేవు, నీడ లేదు, ఎక్కి చూసి ఫొటో తీసుకుని దిగడమే పని. మొదట్లో అక్కడ తీసిన ఫొటోల మీద హక్కులు కట్టడం వాళ్లకే ఉంటాయన్నట్టు షరతుల్లో రాశారు, జనం గోల చేస్తే మార్చారు. ఊరి చావడి దగ్గర ఫొటో దిగితే ఆ ఫొటో ఎవరిదని ఎవరైనా అడుగుతారా? ప్రజల స్థలం అని పేరు పెట్టి, లోపల నియమాలు దుకాణంవి పెడితే ఇలాగే అవుతుంది.

మూసివేత గురించి చెప్పడం బాధగా ఉంది, అయినా చెప్పాలి. 2020, 2021ల మధ్య నలుగురు అక్కడ ప్రాణాలు తీసుకున్నారు. కట్టకముందే పిట్టగోడల ఎత్తు గురించి హెచ్చరించిన వాళ్లున్నారు. మూడో మరణం తర్వాత మూసి, 2021 మేలో టికెట్టు పెట్టి, ఒంటరిగా ఎవరినీ రానివ్వకుండా తెరిచారు. పిట్టగోడల ఎత్తు మాత్రం పెంచలేదు. రెండు నెలలకే మళ్లీ జరిగింది. మళ్లీ మూసి, 2024 అక్టోబరులో ఉక్కు వల కట్టి తెరిచారు. నలుగురి ప్రాణాలు పోయాక కట్టిన వల మొదటి రోజే ఉండాల్సింది, అందం చెడిపోతుందనే మాట దాని ముందు నిలవదు. ఎత్తు మీద జనాన్ని నిలబెట్టే ఏ కట్టడం అయినా గీసేవాళ్లు, అక్కడికి నవ్వుతూ వచ్చేవాళ్లతో పాటు మనసు బాగాలేక వచ్చేవాళ్లనీ తలుచుకుని గీయాలి. మీలో ఎవరికైనా మనసు అలా బరువెక్కితే ఒక్కరే ఉండకండి, ఇంట్లోవాళ్లకి గాని స్నేహితులకి గాని చెప్పండి, మన దేశంలో టెలి మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా ఆఫీసు టవర్ మూల దగ్గర గాలికి చున్నీ నిలవదు, లంచ్ బాక్సు మూత కూడా ఎగిరిపోయింది. వంద గజాలు అవతలికి వెళ్తే గాలే ఉండదు. ఎందుకిలా? (ఒక ఉద్యోగిని, గచ్చిబౌలి)

జవాబు: నేల దగ్గర గాలి నెమ్మదిగా ఉంటుంది, చెట్లు, ఇళ్లు అడ్డం కాబట్టి. పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. ఒక వెడల్పాటి చదును టవర్ ఆ పై గాలికి అడ్డంగా నిలబడితే, గాలికి పోయే దారి లేక కొంత పక్కలకి, కొంత గోడ వెంట కిందికి జారుతుంది. అలా పైనున్న వేగమంతా తెచ్చి మీ కాళ్ల దగ్గర కుమ్మరిస్తుంది, అక్కడి నుంచి మూలలు తిరిగి పారిపోతుంది, అందుకే మూలల దగ్గరే చున్నీలు ఎగురుతాయి. రెండు టవర్లు దగ్గర దగ్గరగా ఉంటే వాటి సందులో ఇంకా గట్టిగా వీస్తుంది.

న్యూయార్క్‌లో పాత వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల మధ్య అయిదెకరాల ఆవరణ ఉండేది. గాలి ఎక్కువైన రోజుల్లో నడిచేవాళ్లు పట్టుకోవడానికి తాళ్లు కట్టేవారు. అయిదెకరాలు వదిలి తాడు పట్టుకుని నడవమంటే ఎవరు వస్తారు? దీనికి మందు తెలియనిదేమీ కాదు. టవర్ కింద నాలుగైదు అంతస్తుల వెడల్పాటి అడుగు భాగం పెట్టి దాని మీద నుంచి టవర్ని వెనక్కి జరిపితే, జారే గాలి ఆ కప్పు మీద పడి ఆగిపోతుంది. ద్వారాల మీద పందిరి లాంటి చూరు, మూలలు గుండ్రంగా తిప్పడం, చెట్లు, ఇవన్నీ పనికొస్తాయి. ముందే చిన్న నమూనా చేసి గాలి సొరంగంలో పెట్టి చూస్తే ఏ మూల ఎంత వీస్తుందో తెలిసిపోతుంది. సాధారణంగా ఈ పరీక్ష టవర్ ఊగుతుందా, అద్దాలు తట్టుకుంటాయా అని చేస్తారు, కింద నడిచే మనిషి సంగతి అడిగితేనే చూస్తారు. లండన్‌లో సిటీ ఆఫ్ లండన్ వాళ్లు 2019లో ఇది తప్పక చూడాలని, సైకిల్ తొక్కేవాళ్ల మీద కూడా ప్రభావం లెక్కేయాలని మార్గదర్శకాలు పెట్టారు. మీ భవనం కట్టేశారు కాబట్టి ఇప్పుడు చేయగలిగింది ఆ మూల చూరు, చెట్లు. లంచ్ మాత్రం మూలకి దూరంగా, గోడ మధ్య భాగంలో గాలి తగలని వైపు తినండి.

ప్రశ్న: ఇన్ని బాధలెందుకు, అసలు టవర్లే కట్టకపోతే పోలా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: పోదండీ. రైలు స్టేషన్ నెత్తి మీద వేలమంది పనిచేసే చోటు కట్టడం, ఊరి చివర పొలాలు మింగుతూ అడ్డంగా పరుచుకుపోవడం కంటే చాలా మేలు. నాకు ఎత్తుతో పేచీ లేదు, మొదటి ఇరవై అడుగులతోనే.

ప్రశ్న: తప్పులే చెబుతున్నారు మేడమ్, బాగున్న చోటు ఒకటి చెప్పండి. ఈ వేసవిలో న్యూయార్క్ వెళ్తున్నాం, చూసి వస్తాం. (ఒక జంట, విశాఖపట్నం)

జవాబు: సంతోషంగా చెబుతాను. ముందు సీగ్రమ్‌కే వెళ్లండి, పార్క్ అవెన్యూ, 52వ వీధి, 53వ వీధి మధ్య. కొన్నేళ్లు మా ఆఫీసు అక్కడికి రెండు వీధుల అవతల ఉండేది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెళ్లి, పక్కనున్న ఆకుపచ్చ పాలరాతి గట్టు మీద కూర్చునేదాన్ని. వేసవిలో కూడా ఆ రాయి నీడ పడిన వైపు చల్లగా ఉండేది, ఎత్తు సరిగ్గా మోకాలి కింద దాకా, వెడల్పు ఎంతంటే డబ్బా పక్కన పెట్టుకుని మఠం వేసుకుని కూర్చోవచ్చు. పులిహోర తింటుంటే పక్కన ఒక పెద్దాయన ఇదేం బియ్యం అని అడిగాడు, రెండు చెంచాలు పెట్టాను, పోపులో మిరపకాయ కొరికి కళ్లనీళ్లు పెట్టుకుని కూడా బాగుందన్నాడు. ఆ గట్టు కూర్చోవడానికని గీసింది కాదట, ఆవరణకి అంచుగా గీశారు. జనం కూర్చున్నారు, భవనం వాళ్లు లేపలేదు, అంతే, అదొక చోటు అయిపోయింది.

1970లలో విలియం వైట్ అనే ఆయన కెమెరాలు పెట్టి ఇలాంటి ఆవరణల్లో జనం ఏం చేస్తారో నెలల తరబడి చూశాడు. జనం ఎక్కడ కూర్చోవడానికి వీలుంటే అక్కడ కూర్చుంటారు అన్నది ఆయన తేల్చిన పెద్ద విషయం. వినడానికి ఇదేనా అనిపిస్తుంది గాని, నగరం 1975లో నిబంధనలు మార్చి ప్రతి 30 చదరపు అడుగుల ఆవరణకి ఒక అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలని రాయడానికి ఆయన పనే కారణం. ఆయనకి బాగా నచ్చిన పేలీ పార్కు కూడా దగ్గరే, 53వ వీధిలో, 1967లో తెరిచారు. రెండిళ్ల జాగా అంత ఉంటుంది. వెనక గోడంతా జలపాతం, ఆ చప్పుడులో ట్రాఫిక్ వినిపించదు, కుర్చీలు నేలకి బిగించలేదు, ఎటు కావాలంటే అటు లాక్కోవచ్చు. కుర్చీని మనిషి ఒక్క అంగుళమైనా జరుపుకునే కూర్చుంటాడు, గమనించి చూడండి.

మూడోది, వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్థలం. పాతది కట్టినప్పుడు 16 ఎకరాల్లో ఉన్న వీధులన్నీ మూసేసి ఒకే పెద్ద దిమ్మెలా చేశారు. 2001 తర్వాత మళ్లీ కట్టేటప్పుడు ఆర్కిటెక్టు డేనియల్ లిబెస్‌కిండ్ ప్లానులో గ్రీనిచ్ వీధి, ఫుల్టన్ వీధి మళ్లీ లోపలి నుంచి సాగేలా గీశారు. టవర్ల మీద జరిగినన్ని గొడవలు ఆ వీధుల మీద జరగలేదు గాని, నాకైతే అందులో అన్నిటికంటే గొప్ప నిర్ణయం అదే. జంట టవర్ల పాదాల చోట ఇప్పుడు రెండు పెద్ద నీటి గుంటలు, ఒక్కోటి ఎకరం దాకా, అంచున చనిపోయినవాళ్ల పేర్లు కంచు పలకల్లో చెక్కి ఉంటాయి, చుట్టూ నాలుగు వందలకి పైగా ఓక్ చెట్లు. 2011 సెప్టెంబరులో తెరిచినప్పుడు చుట్టూ కంచె, లోపలికి పాసు, తనిఖీ. 2014 మేలో కంచె తీసేశారు. ఆ మరుసటి నెల వెళ్లాను. ఆఫీసు నుంచి ఇంటికి పోతున్న ఒకమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని ఆ చెట్ల మధ్య నుంచి అడ్డదారిన నడిచి వెళ్లిపోయింది, ఒక పేరు దగ్గర మాత్రం క్షణం ఆగి వేళ్లతో తడిమింది. కంచె ఉన్నప్పుడు అది చూసి వచ్చే చోటు, కంచె పోయాక ఊరిలో భాగం అయింది.

ప్రశ్న: కోకాపేట దగ్గర మా అపార్ట్‌మెంట్ టవర్లు నలభై అంతస్తుల పైనే. లోపల పార్కు, క్లబ్‌హౌస్ అన్నీ ఉన్నాయి. గేటు దాటితే ఫుట్‌పాత్ కూడా సరిగా లేదు. మన దగ్గర న్యూయార్క్ లాంటి బేరం ఎందుకు లేదు? మా సంఘం తరఫున ఏమైనా చేయగలమా? మా గోడ బయట ఆరడుగుల జాగా మాదే ఉంది. (ఒక నివాసుల సంఘం కార్యదర్శి)

జవాబు: మొదటి ప్రశ్నకి జవాబు 2006లో ఉంది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి పోయింది, 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిన నడిచింది. అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చు అనే గీత లేదు, ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్, ఎయిర్‌పోర్టు, ఫైర్ అనుమతులు చూసుకుంటే చాలు. న్యూయార్క్‌లో ఒక గీత గీసి, గీత దాటాలంటే జనానికి ఏమైనా ఇవ్వు అన్నారు. మన దగ్గర గీతే లేనప్పుడు దాటనివ్వడానికి బదులుగా అడిగేది ఏముంటుంది? ఇవ్వాల్సినవి మనవాళ్లూ ఇస్తున్నారు, సెట్‌బ్యాకులు, టాట్‌లాట్లు అనే పిల్లల ఆట జాగాలు, కానీ అవన్నీ కాంపౌండ్ గోడకి లోపలే. సెట్‌బ్యాక్‌లో ఫైరింజను తిరగాలి, ఆ పైన అది కార్లకి సరిపోతుంది. వందల ఎకరాల్లో టవర్లు లేచాక మొత్తం కలిపి చూస్తే, గోడలోపల బోలెడు పచ్చదనం, గోడబయట పనిమనిషి, వాచ్‌మన్, డెలివరీ కుర్రాడు నిలబడటానికి నీడ లేని రోడ్డు.

బేరానికి ఇంకా ఒక చోటు మిగిలింది, అది భూమి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ప్రభుత్వ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఒక ప్లాటు ఎకరం 100 కోట్లు దాటింది. అమ్మేది ప్రభుత్వమే అయినప్పుడు, వేలం షరతుల కాగితంలోనే రాయొచ్చు: రోడ్డు వైపు ఇంత జాగా గోడ లేకుండా, నీడతో, కూర్చునే వీలుతో, జనానికి తెరిచి ఉంచాలి అని. ధర కాస్త తగ్గుతుందేమో, తగ్గనివ్వండి. ఇకముందు వేసే ప్రతి వేలానికీ ముందు మీలాంటి సంఘాలు దీన్ని రాతపూర్వకంగా అడగాలి, కొన్నవాళ్లు గోడ కట్టేశాక అడిగితే ఎవరూ పలకరు.

ఇక మీ ఆరడుగులు. దాని మీద ముళ్ల తీగ గాని, క్రోటన్ మొక్కల వరస గాని వేయకండి. గోడని ఆనుకుని ఒక గట్టు కట్టించండి, ఎత్తు 17 అంగుళాలు, అంతకంటే ఎక్కువైతే పెద్దవాళ్లకి కాళ్లు వేలాడతాయి, తక్కువైతే లేవలేరు. వెడల్పు 16 అంగుళాలకి తగ్గకూడదు. పైన గ్రానైట్ కాకుండా షాబాద్ రాయి వేయించండి, ఎండకి అంత కాలదు. ప్రతి ఇరవై అడుగులకి ఒక కానుగ చెట్టు, మొదటి రెండేళ్లు నీళ్లు మీ సంపు నుంచే. ఒక కుళాయి. రాత్రి పది దాకా ఒక లైటు. మీ వాచ్‌మన్‌కి మాత్రం ముందే గట్టిగా చెప్పండి, అక్కడ ఎవరు కూర్చున్నా లేపొద్దని. గట్టు పూర్తయ్యాక మధ్యాహ్నం రెండింటికి ఒక ఫొటో తీసి పంపండి, ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టి ఇదే శీర్షికలో వేస్తాను.